ఒక్కటే గాడి

సోమవారం

నా పేరు పాంగి బుద్రి. జోడుకొండల వనంలో సైకిలు మనిషిని. ఈ పేరు రోజూ చెప్పాలట. నిన్న చెప్పీసాను, మొన్నా చెప్పీసాను. రాత్రికి రాత్రి నా పేరు మారిపోతుందా ఏటి? హ్యాండిలుకి ఈ మాటల డబ్బా కట్టీసి, రోజూ జరిగింది చెప్పండమ్మా అని ఆఫీసు వాళ్ళు పోయారు. వినే నాథుడు ఉన్నాడో లేడో మాత్రం ఎవరూ చెప్పరు.

సరే, చెప్తాను. పొద్దున్నే మా అప్ప సుక్రీ, అంటే మా పెద్దక్క, నేనూ గేటు దగ్గర గ్రావెల్ మీద దంతె పట్టి చదును చేశాము. శని, ఆదివారాలు విశాఖ నుంచి జనం సైకిళ్ళేసుకొని దిగిపోయారు. మోటారు చప్పుడు లేని దారి ఇంకెక్కడా మిగల్లేదు కదా, దీని మీద తొక్కడానికి ఎగబడి వస్తారు. వచ్చి, వాలులో బ్రేకులు పట్టీసి, వెనక చక్రం ఈడ్చీసి, దారంతా కోడి కెలికిన పెంటకుప్పలాగ చేసి పోతారు.

"సూడ్డానికి ఒచ్చినారా, దున్నడానికి ఒచ్చినారా ఈళ్ళు?" అని అప్ప తిడుతూనే ఉంది. తిడుతూనే ఒక్కో రాయీ సర్దింది.

అప్పకి ఈ దారంటే ప్రాణం. ఇంజిన్ల అదురుకి కొండలు జారిపోతున్నాయని బళ్ళు ఆపీసిన నాటి నుంచి కొండవతల ఊళ్ళకి ఉప్పూ, నూనే, విత్తనాలూ మా సైకిళ్ళ మీదే పోతాయి. మా అందరికీ తొక్కడం నేర్పింది అప్పే. ముందువాడి చక్రం ఎక్కడ పోయిందో వెనకవాడి చక్రం అక్కడే పోవాలి. పదిమంది పోయినా ఒక్కటే గాడి కనపడాలి. రెండో గాడి పడితే వాన నీళ్ళు పాయలుగా చీలి దారి కొట్టుకుపోతుంది. అది నిజమే. కానీ ఇన్నేళ్ళయ్యాక అది పని కాదు, పరువు అయి కూచుంది. గాడి తప్పినవాడు ఆ పూట అందరికీ టీ పొయ్యాలి. మా మరిది డొంబ్రు పెళ్ళైన కొత్తలో వారం రోజులు పోశాడు, మనసు ఇంటి దగ్గర ఒగ్గీసి వచ్చేవాడు మరి.

మధ్యాహ్నం ఆఫీసరు శశాంక్ బాబు వచ్చాడు. శుక్రవారం ముందుకాల్పు అన్నాడు. ఎండలు ముదరక ముందే ఎండుగడ్డిని మనమే కాల్చీసుకోవాలి, లేకపోతే వేసవిలో అదే అంటుకొని ఊళ్ళ మీదకి వస్తుంది. కాల్చేవి నిప్పుపిట్టలు, ఎగురుతూ గోలీలంత నిప్పుగుళ్ళు వదిలే యంత్రాలు. ఎప్పుడు లేవాలో వాటికి చెప్పేది గేటు దగ్గరున్న డబ్బా. దాన్ని మేము లెక్కలాయన అంటాము. గ్రావెల్లో రాళ్ళతో పాటు చెవిరాళ్ళని కలిపారు. చక్రం పోతే వింటాయవి. ఎంతమంది లోపల ఉన్నారో, ఏ మలుపులో ఉన్నారో లెక్కలాయనకి చేరవేస్తాయి. కాలినడకని మాత్రం పట్టించుకోవు, దుప్పులూ కణుజులూ రోజంతా తిరుగుతుంటాయి కదా.

"లోపల సున్నా అయితే గేటు పడుతుంది, పిట్టలు లేస్తాయి. లేచాక ఎవరూ ఆపలేరు, నేను కూడా" అన్నాడు శశాంక్ బాబు. "సగం కాలిన కొండ ఇంకా ప్రమాదం. ఏదైనా మలుపులో ఒక సైకిలు కదులుతుంటే ఆ మలుపు వదిలేసి పక్కది కాలుస్తాయి. గుంపు ఉంటే మాత్రం కొండ మొత్తం వదిలేసి వెనక్కి పోతాయి. కాబట్టి శుక్రవారం పొద్దున్నకి అందరూ బయటికి వచ్చెయ్యండి."

"మేమేమన్నా చిన్నపిల్లలమా బాబూ?" అంది అప్ప.

మంగళవారం

నేను పాంగి బుద్రిని. ఇవాళ ఒక చిత్రం జరిగింది.

డొంబ్రూ నేనూ ఉప్పు మూటలేసుకొని లోపలికి పోయాము. వాడు ముందు, నేను వాడి గాడిలో. రేకు మలుపు దాకా పోయి, ట్యూబు మర్చిపోయానని వెనక్కి తిరిగాము. గేటు దగ్గర ఊరికే అడిగాను, "లెక్కలాయనా, లోపలికి ఎంతమంది వెళ్ళారు ఇందాక?" అని.

"ఒక వ్యక్తి ప్రవేశించారు. ఒక వ్యక్తి నిష్క్రమించారు" అంది డబ్బా. దాని గ్రాంథికం తగలెయ్య!

"మేమిద్దరం కదా!"

"ఒక వ్యక్తి" అంది మళ్ళీ.

విషయం అర్థమైపోయింది. ఒక్కటే గాడి కాబట్టి ఒక్కరనుకుంది. ఇదివరకు గేటు దగ్గర మనిషి ఉండి తలలు లెక్కపెట్టేవాడు. ఈ లెక్కల డబ్బా సంక్రాంతి దాటాకే కదా వచ్చింది. పరిగెత్తుకెళ్ళి అప్పకి చెప్పాను.

అప్ప ముఖం చూడాల్సింది! వెలిగిపోయింది. "ఏటీ? ఇద్దరెళ్తే ఒకలన్నాదా? అంత సన్నంగా ఉందేటే మన గాడి!" అని డొంబ్రు వీపు మీద ఒక్క చరుపు చరిచింది. అంతే, మా సైకిలు మూక మొత్తానికి పిచ్చి పట్టింది. ముగ్గురు పోయారు, ఒకరంది. నలుగురు పోయారు, ఒకరంది. అయిదో వాడు రామన్న తూలిపోయి గాడి తప్పితే "ఇద్దరు" అంది. ఒకటే ఈలలు, ఒకటే నవ్వులు. రామన్న టీ పోశాడు. నేను గ్లాసు అక్కడే ఒగ్గీసి వచ్చీసాను.

బుధవారం

బుద్రిని. ఆఫీసరు దగ్గరకి ఎల్లాను. ఊరుకోలేకపోయాను.

శశాంక్ బాబు మంచివాడే. విన్నాడు, తల పంకించాడు. "రాసి పైకి పంపిస్తాను. సరిచేసే మనిషి పట్నం నుంచి రావాలి. కాల్పు అయ్యాక వస్తాడు" అన్నాడు. కాల్పు అయ్యాక ఎందుకూ, పిండం పెట్టడానికా అని నోటి దాకా వచ్చింది. మింగీసాను. "కాల్పు వెనక్కి జరపండి బాబూ" అన్నాను. గాలి మళ్ళీ అనుకూలం కాదట, నెల పడుతుందట. "ఈ రెండు రోజులూ విడివిడిగా తొక్కండి, సరిపోతుంది కదా" అన్నాడు. సరిపోతుంది. మా అప్ప ఒప్పుకుంటే.

అప్పకి తెలిసిపోయింది. ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"మన మీద నువ్వే చాడీలు సెప్పీసినావా? రేపు ఆళ్ళేటి సేస్తారో తెలుసా నీకు? లెక్క తప్పుతున్నాదని ఆవులకేసినట్టు మన చెవులకి బిళ్ళలేస్తారు. తిరుగుతావా బిళ్ళేసుకొని?"

"బిళ్ళైతే ఏటి, బతికుంటాం కదా! రేపు నువ్వు కొండవతలకి ఎల్తన్నావు. ఎల్లుండి పొద్దున్న నువ్వొక్కదానివీ లోపల ఉండిపోతే?"

"నానెందుకు ఉండిపోతాను? డొంబ్రు గాడు నా ముందుంటాడు, నాను ఆడెనకుంటాను. ఇద్దరం ఒకేసారి బయటికొస్తాం. లెక్క ఎలాగైనా సున్నాయే."

"గేటు దగ్గరైనా పక్కకి తొక్కు అప్పా. దణ్ణం పెడతాను."

"నువ్వు పుట్టక ముందు నుంచి సైకిలెక్కినాను. నాకు సెప్తావా?" అని ఎల్లిపోయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కోపంతో రాత్రి అన్నం తినలేదు నేను. మా అమ్మ పోతే నన్ను వీపున కట్టుకొని పెంచిన మనిషి, ఆవిడని ఎలాగ తిట్టను? తిట్టకుండా ఎలాగ ఊరుకోను?

గురువారం

పొద్దున్నే అప్పా డొంబ్రూ విత్తనాలు వేసుకొని ఎల్లారు. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. డొంబ్రు నా వైపు చూసి పక్కకి తొక్కబోయాడు, నిజం చెప్పాలి. వెనక నుంచి అప్ప "ఒరే, గాడి!" అని అరిచింది. పాపం వాడు సర్దుకున్నాడు.

"ఒక వ్యక్తి ప్రవేశించారు" అంది డబ్బా.

ఇవాళ వేరే చెప్పడానికేమీ లేదు. చైనుకి నూనె పెట్టాను. ముందు టైరు మార్చాను.

శుక్రవారం, పొద్దెక్కాక

బుద్రిని. ఊపిరి ఆడటం లేదు. వినేవాళ్ళెవరైనా ఉంటే వినండి. మా అప్ప లోపల ఉండిపోయింది.

డొంబ్రు ఇందాకే గేటు దాటి వచ్చాడు. వెనక ఎవరూ లేరు. "అప్పేదిరా?" అన్నాను. "నా వెనకే ఉన్నాది కదొదినా" అని తిరిగి చూశాడు. చూసి ముఖం పాలిపోయింది వాడికి.

"తేనెబండ మలుపులో సైకిలు దిగింది. పట్నపోళ్ళు అక్కడ గ్రావెల్ దున్నీసినారంట. బూడిద పడితే ఆ గుంతలు గట్టిపడిపోతాయి, నాను సేత్తో సర్దీసి ఎనకే ఒస్తాను, నువ్వు నడువు అన్నాది."

అగ్గి రాబోతున్న కొండలో కూచుని రాళ్ళు సర్దుతోంది మా అప్ప! ఇంకెవరు చేస్తారు ఈ పని? మేమే చెయ్యాలి.

అప్పటికే గేటు ఊచలు కిందకి దిగిపోతున్నాయి. "లోపల సున్నా మంది. ముందుకాల్పు ఆరంభమవుతోంది" అంది లెక్కలాయన.

"సున్నా కాదురా! మా అప్ప ఉంది లోపల!"

"మీ మాట నమోదు చేయబడింది. లోపల సున్నా మంది."

కాలితో తన్నాను దాన్ని. కాలే నొప్పెట్టింది. శశాంక్ బాబుకి ఫోను కలిపాను. ఎత్తాడు, విన్నాడు. "పైవాళ్ళకి చెప్తున్నాను, కానీ పిట్టలు లేచిపోయాయమ్మా, ఇప్పుడు నా చేతుల్లో లేదు" అన్నాడు. నిజంగానే మొదటి పిట్టలు పైన కనుమ వైపు పోతున్నాయి. అవి పై నుంచి కిందకి ఒక్కో మలుపూ కాల్చుకుంటూ వస్తాయి. తేనెబండ మధ్యలో ఉంది.

"డొంబ్రూ, మన మూక మొత్తాన్ని లేపుకురా. సైకిళ్ళతో వాగు తూములోంచి రా. గుంపు ఉంటేనే పోతాయవి. పరిగెట్టు!"

నేను సైకిలు భుజాన వేసుకొని గేటు పక్కనున్న వాగు తూములోంచి లోపలికి దూరాను. మోకాళ్ళు చెక్కుకుపోయాయి. ఇప్పుడు తొక్కుతున్నాను. ఎక్కడమే అంతా, మాట్లాడలేను.

శుక్రవారం, తేనెబండ

కనపడింది. బతికే ఉంది.

దారి పక్క పల్లంలోకి జారిపడి, పాక్కుంటూ మళ్ళీ గ్రావెల్ మీదకి వచ్చింది. ఎడమ కాలు మోకాలి కింద వేరే వైపు తిరిగి ఉంది. ఆవిడ సైకిలు పల్లంలో ఎక్కడో ఉంది. నేను దిగి, చంకల కింద చేతులేసి ఎత్తబోయాను. గావుకేక పెట్టింది. అంతలో పైన గుయ్‌మని చప్పుడు. నా చక్రం ఆగింది కదా, పిట్టలు ఇటు తిరిగాయి. బండ అంచున గడ్డిలో ఒక గుండు పడింది, భగ్గుమంది. సైకిలు మీదకి దూకి తొక్కాను. చక్రం తిరగ్గానే పిట్టలు పైకి పోయాయి. ఆ గడ్డి మంట బండకి తగిలి ఆరిపోయింది, మా అదృష్టం.

కాబట్టి దిగడానికి లేదు. కట్టు కట్టడానికి లేదు, నీళ్ళు తాగించడానికి లేదు. సీసా విసిరాను, పట్టుకుంది. అప్ప చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నాను. గానుగెద్దులాగ.

ఒక రౌండు తిరిగానో లేదో, ఆ నొప్పిలో తలెత్తి ఏమందో తెలుసా?

"ఒలే, గాడి! ఏటలాగ అడ్డదిడ్డంగా తొక్కుతన్నావు? దారి పాడైపోతున్నాది!"

"దారి గంగలో కలిసిపోనీ!" అని అరిచాను. జన్మలో మొదటిసారి అప్ప మీద అరిచాను. "నీ గాడి వల్లే కదా ఇదంతా! నువ్వు మనిషివే కాదంటోంది ఆ డబ్బా, తెలుసా? నువ్వు లేవంటోంది! నువ్వు సున్నావంట!"

నేను ఏడుస్తూ తొక్కాను. ఏడుస్తూ తొక్కితే ఊపిరి చాలదని ఇవాళే తెలిసింది.

పై మలుపు కాలిపోయింది. పిట్టలు మమ్మల్ని ఒగ్గీసి కింద మలుపు మీదకి పోయాయి. ఇటు పొగ, అటు పొగ. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే మరి. రెండు పిట్టలు మాత్రం నా నెత్తి మీదే ఉన్నాయి, నేనెప్పుడు ఆగుతానా అని.

"బుద్రీ" అంది అప్ప, కాసేపటికి. "కింద మలుపు ఇంకా పూర్తిగా అంటుకోలేదు. నువ్వొక్కదానివే అయితే దాటీగలవు. ఎల్లిపో."

"ఎల్లను."

"సెప్పింది ఇను."

"ఇన్నాళ్ళూ విన్నాను. ఇవాళ వినను."

"నాను ముసిల్దాన్నయిపోనాను. నీకింకా బతుకుంది."

"నువ్వు లేకపోతే నా బతుకు నాకెందుకప్పా? పెనిమిటి పోయినప్పుడు నువ్వున్నావు. నువ్వు పోతే నాకెవరున్నారు? నోరు మూసుకొని నీళ్ళు తాగు!"

తాగింది. నేను చూస్తూనే ఉన్నాను, దగ్గరకి ఎల్లలేను. రెండు చేతుల దూరంలో ఉంది మా అప్ప. ఒక్కసారి తల నిమరాలంటే దిగాలి. దిగితే ఇద్దరం పోతాం.

శుక్రవారం, ఇంకా అక్కడే

తొడలు పట్టీసాయి. కుడి కాలు నా మాట వినడం లేదు, ఎడమ కాలితో నెట్టుకొస్తున్నాను. పొగకి కళ్ళు మూతలు పడుతున్నాయి. రౌండు చిన్నదైపోతోంది, చక్రం నీరసంగా తిరుగుతోంది. నీరసంగా తిరిగితే పిట్టలు కొంచెం కిందకి దిగుతున్నాయి. అది కనిపెట్టి అప్ప నాకు లెక్క పెడుతోంది, చిన్నప్పుడు నేర్పినట్టు. "తొక్కు... తొక్కు... కుడి... ఎడం..." అని. ఆ మాట మీదే తొక్కుతున్నాను. మాట ఆగితే పడిపోతాను.

డొంబ్రూ, ఎక్కడున్నావురా నాయనా!

ఉండండి. గంటలు.

సైకిలు గంటలే! వస్తున్నారు. కింద మలుపులోంచి, పొగలోంచి. డొంబ్రు, రామన్న, వాళ్ళ వెనక ఇంకా ఉన్నారు. ముక్కులకి తడిగుడ్డలు కట్టుకున్నారు. వచ్చీసారు!

అయ్యో. అయ్యో, వీళ్ళు ఒక్కటే గాడిలో వస్తున్నారు! ఒకడి వెనక ఒకడు, నూలు పట్టి గీసినట్టు. ఇంతమందీ కలిసి లెక్కలో ఒక్కరే. పిట్టలు కదలడం లేదు. వాళ్ళు దాటిన మలుపు వాళ్ళ వెనకే అంటుకుంటోంది. ఇలాగైతే వీళ్ళూ మాతో పాటు చిక్కుపడిపోతారు. అరుద్దామంటే నా గొంతులో పొగ తప్ప ఏమీ లేదు.

అప్ప లేచింది. ఎలాగ లేచిందో నాకు తెలీదు. విరిగిన కాలు ఈడ్చుకుంటూ బండని పట్టుకొని, ఒంటికాలి మీద నిలబడింది.

"ఒరే డొంబ్రూ! ఇడిపోండిరా! గాడి ఒగ్గీండి! ఎవుడి దారి ఆడు తొక్కండి! దున్నీండి దీన్ని! దున్నీండిరా నా కొడకల్లారా!"

డొంబ్రు ఒక్క క్షణం నమ్మలేదు. తరవాత హ్యాండిలు పక్కకి విరిచాడు. రామన్న ఇటు, మిగతావాళ్ళు అటు. బ్రేకులు పట్టీసి, వెనక చక్రాలు ఈడ్చీసి, గ్రావెల్ ఎగిరిపడేలాగ తొక్కుతున్నారు. అప్ప ఒంటికాలి మీద నిలబడి "ఇంకా! ఇంకా దున్నండి!" అని అరుస్తోంది.

పిట్టలు పైకి లేచాయి. ఇంకా పైకి. అన్నీ ఒకదాని వెనక ఒకటి కనుమ దాటి గూటి వైపు పోతున్నాయి. పోయాయి.

"ఒదినా, ఇంక దిగు" అన్నాడు డొంబ్రు, నా పక్కన తొక్కుతూ. "మంటలు చల్లారేదాకా మేము తిరుగుతుంటాం. నువ్వు దిగు."

కాళ్ళు ఆగడం మర్చిపోయాయి. వాడే హ్యాండిలు పట్టుకొని ఆపాడు. నేను దిగలేదు, పడిపోయాను. పాక్కుంటూ అప్ప దగ్గరకి ఎల్లాను. అప్పటికి ఆవిడ కూలబడిపోయింది. నా చెంప మీద ఒక్కటి ఇచ్చింది, చెప్పిన మాట విననందుకు. ఆ చేత్తోనే నా తల లాక్కొని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇద్దరవే" అంది, నా జుట్టులో బూడిద దులుపుతూ. "రాసుకోమను ఆ లెక్కలాయన్ని. సుక్రి ఒకర్తి, బుద్రి ఒకర్తి."